కోడలి కుండ కోసం అమలాపురం

మా ఊరు ఆత్రేయపురం నుంచి అమలాపురం పెద్ద దూరం కాదు. ఆటోలో రావులపాలెం, అక్కడి నుంచి కొత్తపేట మీదుగా బస్సు. పోయిన ఏడాది వానలు తగ్గాక నేను రెండుసార్లు వెళ్లి వచ్చాను. రెండుసార్లూ నా ఒళ్లో కుండ ఉంది. అక్కడి ఇంజనీరింగు కాలేజీవాళ్లు మాకొక కుండ చేసిపెడతామన్నారు. చేతిపని చేసుకునేవాళ్లెవరైనా అలాంటి పని మీద కాలేజీకి వెళ్లాల్సి వస్తే పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు కుండ సంగతి చెప్పాలి. మేము పూతరేకులు చేస్తాం. కుండను బోర్లించి లోపల కొబ్బరాకు మంట పెడతాం. పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ వీపు మీద పరిచి లాగితే, రెప్పపాటులో కాగితం లాంటి రేకు లేస్తుంది. వీపు నున్నగా ఉండాలి. ఏ చిన్న సొట్ట ఉన్నా రేకు అక్కడే చిరుగుతుంది. మాకు కుండలు చేసిచ్చే కుమ్మరి కాలం చేశాక మంచి కుండ ఒకటే మిగిలింది. బయట కొన్నవి పెట్టి చూశాం, కుదరలేదు.

ఒక కుండంటే ఒకరికే పని. పొద్దున్న నేను కూర్చుంటే కోడలు సత్యవతి ఖాళీ. మధ్యాహ్నం తను కూర్చుంటే నేను ఖాళీ. ఆ ఖాళీలోనే, యాభై దాటాక, నేను అక్షరాలు నేర్చుకున్నాను. సత్యవతి ఇంటర్ చదివింది. తను మంట ముందు కూర్చుని చెబుతుంటే నేను పలక మీద దిద్దేదాన్ని. మా అబ్బాయి మండపేటలో బియ్యం లారీ తోలుతాడు, వారానికోసారి వస్తాడు. మనవరాలు రెండో తరగతి. ఒక్క కుండ మీద ఇల్లు గడవదని సత్యవతి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లడానికి పాస్‌పోర్టు తీసుకుంది. కార్తీకం వెళ్లేలోపు ఏదో ఒక మాట చెప్పమన్నాడు ఏజెంటు. రెండో కుండ దొరికితే ఉంటాను, లేకపోతే వెళతాను అని సత్యవతే నాతో చెప్పింది. కోపంగా చెప్పలేదు. బియ్యం నానబోస్తూ చెప్పింది.

స్టెల్లా మేడమ్ మా దగ్గర రేకులు కొనడానికి వచ్చి ఈ మాటలు విన్నారు. ఆవిడ ఆ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెబుతారు. వస్తువును కొలిచే మిషను, కంప్యూటర్లో గీసిన బొమ్మను ప్లాస్టిక్కుతో పోసే మిషను కాలేజీ ఎప్పుడో కొన్నదట. అవి అద్దాల గదిలో తాళం వేసి ఉండేవట. పిల్లలు వాటి బొమ్మ గీసి, భాగాల పేర్లు రాసి మార్కులు తెచ్చుకునేవారట. ఆ ఏడాదే చదువులో కొత్త పేపరు వచ్చింది. చుట్టుపక్కల ఎవరికో ఒకరికి అవసరమైన వస్తువును పిల్లలు కొలిచి, గీసి, చేసి, వాడి చూపించాలి. "మీ కుండ మా పిల్లలకివ్వండి" అన్నారు.

ఒక ఆదివారం నలుగురు పిల్లలతో మా వాకిట్లోకి వచ్చారు. కొలిచే మిషను టార్చిలైటులా ఉంది. దాన్ని కుండ చుట్టూ తిప్పితే కంప్యూటర్లో కుండ కనబడాలి. కనబడలేదు. నల్లగా, నూనె మెరుపుతో ఉన్న వస్తువును అది చూడలేదట. తెల్ల మందు పిచికారీ చేస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి నూనె తాగి అలవాటైన వీపు అది, మందు పడితే పాడవుతుంది. అప్పుడు రమ్య అనే అమ్మాయి, "అమ్మమ్మగారూ, చల్లారిన కుండ మీద మీ పిండినీళ్లే రాస్తే?" అంది. సత్యవతి గుడ్డతో రాసింది. ఆరాక సున్నం వేసిన గోడలా తెల్లబడింది. ఈసారి కంప్యూటర్లో కుండ కనబడింది. తర్వాత తడిగుడ్డతో తుడిచేశాం.

నెలన్నరకు మేడమ్ ఫోను చేశారు. కుండ తయారైంది, పాత కుండ కూడా తీసుకురండి, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం అన్నారు.

మొదటి ప్రయాణం మంగళవారం. ఆరున్నరకు ఆటో ఎక్కాను. కుండను పాత చీరలో చుట్టి, పైన తువ్వాలు కట్టాను. ఇంకో సంచిలో రుబ్బిన బియ్యప్పిండి డబ్బా, గుడ్డ, నెయ్యి సీసా. ఏడుంబావుకు రావులపాలెం. బస్టాండులో బోర్డులు చదవడం నాకిప్పుడు వచ్చు గానీ నిదానం. 'అమలా' వరకు చదివేసరికి బస్సు మలుపు తిరుగుతుంది. ఆ రోజు రెండో బస్సు దొరికింది. ఈ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టుకు డబ్బులు లేవు. ఆధార్ కార్డు చూపించాలి, మర్చిపోకండి.

కండక్టరు కార్డు చూసి, ఒళ్లోకి చూశాడు. "మరి దీనికండి పిన్నిగారూ? ఆడా, మగా?"

"ఆడదేనండి. రోజంతా మంట మీదే ఉంటది."

వెనక సీట్లో ఆడవాళ్లు నవ్వారు. కండక్టరు కూడా నవ్వి, టికెట్టు కొట్టకుండా ముందుకు వెళ్లిపోయాడు.

కొత్తపేటలో ఒక పెద్దాయన ఎక్కి నా పక్క సీటు దగ్గర నిలబడ్డారు. చోటిచ్చాను. కుండ సంగతి అడిగారు, చెప్పాను.

"మావాడూ మెకానికలేనండి," అన్నారు. "నాలుగేళ్లు చదివేడు. ఇప్పుడు బెంగుళూరులో కంప్యూటర్లో ఎవరివో జీతాల లెక్కలు చూస్తాడు. స్పానరిస్తే ఎటు పట్టుకోవాలని అడుగుతాడండి."

"కాలేజీలో మిషన్లు లేవాండి?"

"ఎందుకు లేవండి? తనిఖీకి వచ్చినప్పుడు తుడిచేవారంట." కుండ వంక చూసి, "మీకు కుండ చేసేరంటే తాళం తీసేరన్నమాట," అన్నారు. ముక్కామలలో దిగిపోయారు.

తొమ్మిది దాటాక అమలాపురం చేరాను. బస్టాండు బయట రెండు ఇడ్లీ తిన్నాను. చట్నీలో కొబ్బరికి లోటు లేదు, ఉప్పుకే లోటు. కాలేజీకి ఆటో. గేటు దగ్గర కుండను విప్పి చూపించమన్నారు. చూపించాను. చూసినాయన లోపలికి చెయ్యి పెట్టి చూసి, మసి అంటాక నా వంక చూశాడు. తువ్వాలు ఇచ్చాను.

అద్దాల గది ఇప్పుడు తెరిచే ఉంది. మిషను ఏదో పోస్తోంది. సన్నటి ముక్కు ఒకటి అటూ ఇటూ తిరుగుతూ దారం లాంటి ప్లాస్టిక్కును పొర మీద పొర వేస్తోంది. మేము రేకు మీద రేకు పేర్చినట్టే ఉంది, కాకపోతే మా చెయ్యి ఇంతకన్నా వడిగా ఆడుతుంది. అలా పోసిన ప్లాస్టిక్ కుండ చుట్టూ ప్లాస్టర్ పోసి మూస తీశారు. ఆ మూసలో కాలేజీకి దగ్గర్లో ఉండే కుమ్మరి వెంకన్నగారు మట్టి ఒత్తి, ఎండబెట్టి, ఆవంలో కాల్చారు. నేను ఫోనులో చెప్పినట్టు పిల్లలు మూడు రోజులు నూనె రాసి మంట పెట్టి దాన్ని పదును చేశారు. గదిలో పొగ వస్తే అలారం మోగుతుందని అటెండరు వాళ్లను వెనక షెడ్డుకు తరిమాడట.

షెడ్డులోకి వెళ్లి కొత్త కుండ చూశాను. వీపు అద్దంలా ఉంది. చెయ్యి వేసి రాస్తే ఎక్కడా సొట్ట లేదు. నాకు సంతోషం వేసింది. తర్వాత నా కుండ చీర విప్పి పక్కన పెట్టాను.

కొత్తది చిన్నది. పెద్ద తేడా లేదు గానీ, తల్లి పక్కన పిల్లలా ఉంది.

"చూద్దాం అమ్మమ్మగారూ, ఒకసారి వేయండి," అంది రమ్య.

మంట పెట్టి, గుడ్డ ముంచి వేశాను. వీపు వంపు ఎక్కువైంది. పిండినీళ్లు నిలవకుండా కిందికి జారి అంచు దగ్గర మందం కట్టాయి. నడుమ రేకు మరీ పల్చనై విరిగింది. పది పదిహేను వేశాను. రెండు మూడు నిలిచాయి. అవి కూడా మడతకు చాలవు. కొట్టువాళ్లు ఆ సైజు తీసుకోరు.

అప్పటికి మెకానికల్ శాఖ హెడ్డుగారు వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి. ఈ కొత్త పేపరు ఆయనకు ఇష్టం లేదని, వచ్చే ఏడు మళ్లీ రాత పరీక్షే పెడదామంటున్నారని రమ్య నాతో అంతకుముందే అంది. ఆయన విరిగిన రేకు ముక్క ఒకటి తీసి నోట్లో వేసుకున్నారు. తర్వాత నవీన్ అనే కుర్రాణ్ణి పిలిచారు. కంప్యూటర్లో కుండ గీసింది ఆ అబ్బాయే.

"సెకండియర్లో పోత పని చెప్పేను నీకు. నమూనా ఎంత సైజులో చెయ్యాలి?"

నవీన్ చేతులు కట్టుకుని అప్పజెప్పాడు. "కరిగిన లోహం చల్లారి గట్టిపడేటప్పుడు కొలత తగ్గుతుందండి సార్. అంచేత నమూనాని ఆ తగ్గే మేరకు పెద్దదిగా..."

అక్కడ ఆగిపోయాడు. కొత్త కుండ వంక చూశాడు.

"చెప్పు, చెప్పు. ఎన్ని మార్కులొచ్చేయి దానికి?"

"మొత్తం వచ్చేయండి."

"అది లోహానికి కదండి సార్," అంది రమ్య మెల్లిగా.

"మట్టి తగ్గదా అమ్మా?"

స్టెల్లా మేడమ్, "నేనూ చూసుకోలేదు సార్. కుండ కొలత సరిగ్గా వచ్చిందన్న సంతోషంలో ఉండిపోయాను," అన్నారు. ఆయన లేచి వెళ్తూ, "మిషను తప్పు లేదు. మీరడిగిందే పోసింది," అన్నారు.

సాయంత్రం ఐదింటికి అందరం వెంకన్నగారి వాకిలికి నడిచి వెళ్లాం. ఆయన ప్రమిదలు ఆరబెట్టుకుంటున్నారు. మట్టి తగ్గుతుందా అని మేడమ్ అడిగారు.

"తగ్గుద్దండి. ఎండితే తగ్గుద్ది, కాలితే ఇంకాస్త తగ్గుద్ది."

"మరి మాకు చెప్పలేదేం వెంకన్నగారూ?"

"కంప్యూటరు కదండి, అందులో వేసుకునుంటారనుకున్నాను. పెద్ద చదువుల దగ్గర అడిగితే బాగోదని ఆయ్ అని తలూపేసేనండి."

ఆయన్ని అనడానికి లేదు. పచ్చికుండ కాలితే తగ్గుతుందని నాకూ తెలుసు. మా వాకిట్లో పిల్లలు కుండను కొలిచినప్పుడు, అంతే సైజు మూస తీస్తే ఎలా అని నాకు ఒక్క క్షణం అనిపించింది కూడా. అన్నీ వాళ్లకు తెలిసే ఉంటాయనుకుని ఊరుకున్నాను. ఆ కుర్రాడు పరీక్షలో రాశాడు, వెంకన్నగారు రోజూ చూస్తారు, హెడ్డుగారు ఏళ్లుగా చెబుతున్నారు. అందరికీ తెలిసిందే. మర్యాదకు ఎవరూ ఎవరినీ అడగలేదు.

వెంకన్నగారి మట్టితో పిల్లలు చేతివేలంత బద్దలు చేసి, వాటి మీద గీతలు పెట్టారు. అవి ఎండి, కాలాక గీతల మధ్య ఎంత తగ్గిందో కొలుస్తారట. కొత్త మూసకు ఇంకో నెల పడుతుందన్నారు. కార్తీకం ఎప్పుడు వెళుతుందో నేను వేళ్ల మీద లెక్క పెట్టుకున్నాను. అటూ ఇటూగా ఉంది.

బస్సుకు వేళ దాటడంతో ఆ రాత్రి ఆడపిల్లల హాస్టల్లో గెస్టు గదిలో పడుకోమన్నారు. గది శుభ్రంగా ఉంది, ఫ్యాను తిరుగుతుంది, దోమలున్నాయి. అన్నంలోకి పనసపొట్టు కూర పెట్టారు. మర్నాడు పొద్దున్నే ఏడింటి బస్సు ఎక్కి, పాత కుండతో ఇంటికి వచ్చాను.

సత్యవతి గుమ్మంలోనే నా చేతుల్లోకి చూసింది. ఒక్క కుండే ఉంది. జరిగింది చెప్పాను.

"అంటే ఇంకోటి చేస్తారంటారా అత్తయ్యగారూ?"

"చేస్తామన్నారు."

"ఏజెంటు ఫొటోలడిగేడు. ఇచ్చేను," అంది. లోపలికి వెళ్లి నాకు మజ్జిగ తెచ్చింది.

రెండో ప్రయాణం కార్తీకం ఇంకో నాలుగు రోజుల్లో అయిపోతుందనగా. ఈసారి సత్యవతిని కూడా రమ్మన్నాను. మనవరాలిని పక్కింట్లో అప్పజెప్పి ఆరున్నరకే బయల్దేరాం. బోర్డు తనే చదివింది, మొదటి బస్సే దొరికింది. అంబాజీపేట దగ్గర, "అది కూడా చిన్నదైతే మీరు ఏమీ అనకండి అత్తయ్యగారూ. పిల్లలు కష్టపడి ఉంటారు," అంది.

షెడ్డులో ఈసారి జనం ఎక్కువ. వేరే జట్ల పిల్లలు కూడా వచ్చారు. హెడ్డుగారు ముందే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. బద్దలు కొలిచిన రోజు నుంచి ఆయన రోజూ నాలుగింటికి టీ గ్లాసుతో ఇక్కడికే వస్తున్నారని మేడమ్ చెప్పారు. బద్ద పదికి ఒకటి చొప్పున తగ్గిందట. నవీన్ ఆ లెక్క చొప్పున కంప్యూటర్లో కుండను పెద్దది చేశాడు. పెద్దది చేసిన బొమ్మను ముందుగా వెంకన్నగారికి చూపించి, ఇలా అయితే సరిపోతుందా అని అడిగారట. ఆయన ఆయ్ అనలేదు. మూతి దగ్గర మందం చాలదు, కాల్చేటప్పుడు పగులుతుంది అన్నారట. అది కూడా మార్చారు.

రెండు కుండలూ పక్కపక్కన పెట్టాం. రమ్య వాటి వీపుల మీద ఒక కొలబద్ద అడ్డంగా ఉంచింది. అటూ ఇటూ వాలలేదు.

"నువ్వు వెయ్యి," అన్నాను సత్యవతితో. వాడేది తనే కదా.

మంట ఎగదోసి, గుడ్డ ముంచి వేసింది. మొదటి రేకు అంటుకుపోయింది. కొత్త కుండకు అది మామూలే. నూనెగుడ్డతో తుడిచి మళ్లీ వేసింది. రెండోది అంచున చిరిగింది. మూడోది గుడ్డ లాగిన వెంటనే వీపు మీద తెల్లబడి, అంచు దానంతట అదే లేచింది. రెండు చేతులతో ఎత్తి వెలుగుకు పట్టి చూసింది. ఎక్కడా చిల్లు లేదు. దాన్ని పక్కన పెట్టి, ఇంకోటి వేసింది. ఇంకోటి వేసింది. పిండి అయిపోయేవరకు లేవలేదు.

నవీన్ రేకులు ఎంచుతున్నాడు. హెడ్డుగారు అతన్ని చూసి, "రాత పరీక్షలో నీకీ ప్రశ్న రాదులే," అన్నారు. "వచ్చే ఏడు నీ తర్వాతవాళ్లకి మట్టి ఇస్తాను, కాగితం కాదు." పిల్లలు చప్పట్లు కొట్టబోతే, "పొయ్యార్పండి ముందు," అన్నారు.

ఆ రేకులకు నెయ్యి, పంచదార పొడి చల్లి మడిచి అక్కడే పంచాం. అటెండరు రెండు తిని, మూడోది ఇంటికని జేబులో పెట్టుకున్నాడు. వద్దన్నా వినలేదు. జేబులో నెయ్యి కారుతుంది.

మూడున్నరకు తిరుగు బస్సు. కిటికీ పక్క సీట్లు రెండు దొరికాయి. నా ఒళ్లో పాత కుండ, సత్యవతి ఒళ్లో కొత్త కుండ. కండక్టరు వెనక సామాను దగ్గర పెట్టమంటే సత్యవతి వినలేదు. "నేనే పట్టుకుంటానండి, దిగేవరకు," అంది. చీర కొంగు కుండ మీదుగా తెచ్చి కప్పింది.

కొత్తపేట దాటాక తన సంచిలో ఫోను మోగింది. తన రెండు చేతులూ కుండ చుట్టూ ఉన్నాయి. నన్ను తీయమంది. తీసి పేరు చదివాను. ఈసారి అంత సేపు పట్టలేదు.

"ఏజెంటు," అన్నాను.

సత్యవతి కిటికీలోంచి చూస్తూ, "రావట్లేదని చెప్పేయండి అత్తయ్యగారూ. ఫొటోలు తిరిగిచ్చేయమనండి," అంది.

చెప్పాను. "ఆయ్, మంచిదండి," అన్నాడు. పెట్టేశాడు.

ఆ కాలేజీకి వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇది. వాళ్ల దగ్గర మంచి మిషన్లున్నాయి, పిల్లలు తెలివైనవాళ్లు. వాళ్లకు తెలిసే ఉంటుందని మీరు ఊరుకోకండి. పనిలో మీకు తెలిసింది మొదటిరోజే చెప్పండి, మీకు తెలియంది కూడా మొదటిరోజే అడగండి. పొద్దున్నే బయల్దేరితే ఆ రోజే తిరిగి రావచ్చు. ఇడ్లీ రావులపాలెంలో తినండి.

ఇప్పుడు మా వాకిట్లో రెండు పొయ్యిలున్నాయి. పొద్దున్న ఇద్దరం ఒకేసారి కూర్చుంటున్నాం. ఖాళీ లేదు కాబట్టి పలక అటక ఎక్కింది. ఇది రాయడానికి సాయంత్రాలే దొరికాయి. రాసింది సత్యవతికి చూపిస్తే, 'ముక్కామల'లో ఒత్తు దిద్ది, మిగతాది బాగానే ఉందంది.